వన్-క్లిక్ క్లీనర్ కొట్టాక తెలుగు టైపింగ్ మాయం. స్టార్టప్‌లో ఏది ఉంచాలి, ఏది పీకాలి?

చిక్కడపల్లి_డీటీపీ
ఇంటి పీసీ. ఐ3 10వ తరం, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, ఎస్‌ఎస్‌డీ లేదు. విండోస్ 11. సి డ్రైవ్ 120 జీబీ, అందులో ఖాళీ 5 జీబీ, గీత ఎర్రగా ఉండేది. బటన్ నొక్కాక డెస్క్‌టాప్ రావడానికి 2 నిమిషాలు, వచ్చాక ఇంకో 4 నిమిషాలు మౌస్ కదిలితే గొప్ప.

నిన్న ఒక క్లీనర్‌లో జంక్, రిజిస్ట్రీ (విండోస్, ప్రోగ్రాములు తమ సెట్టింగులు దాచుకునే చోటు), స్టార్టప్ (పీసీతో పాటే లేచే ప్రోగ్రాములు) మూడింటికీ టిక్ పెట్టి ఒకటే బటన్ కొట్టా. 6.2 జీబీ ఖాళీ చేశానంది. ఇప్పుడు గడియారం పక్కన అను స్క్రిప్ట్ మేనేజర్ బొమ్మ లేదు, పేజ్‌మేకర్‌లో కొడితే ఇంగ్లీషే పడుతోంది. స్కానర్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. క్రోమ్‌లో లాగిన్లన్నీ పోయాయి. బూట్ టైమ్ మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది.

శుక్రవారంలోపు ఛత్తాబజార్ ప్రెస్‌కి పెళ్లికార్డుల ఫైళ్లు పంపాలి. పోయినవి ఎలా తెచ్చుకోవాలి, స్టార్టప్‌లో ఏది ఉంచాలి, ఏది తీసేయొచ్చు? "ఫార్మాట్ కొట్టు" అనేవాళ్లు దయచేసి చాయ్ తాగి రండి.

ఇరానీచాయ్
చాయ్ తాగే వచ్చిన. ఫార్మాట్ కొట్టు అక్కా :)

బూట్‌బాబాయ్
ముందుగా ఒక మాట. ఆ క్లీనర్ చేసింది సరిచేయడానికి ఇంకో క్లీనర్ దించొద్దు. ఇప్పుడున్న స్థితిలో ఎంత తక్కువ కదిలిస్తే అంత మంచిది. ఈ వరుసలో వెళ్లమ్మా, పని తీరిన చోట ఆగిపో.

కంట్రోల్ + షిఫ్ట్ + ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఎడమవైపు స్టార్టప్ యాప్స్. స్టేటస్ అన్న తల మీద నొక్కితే డిసేబుల్డ్ అన్నవన్నీ ఒకచోటికి చేరతాయి. అక్కడ అను, స్కానర్ పేరు కనిపిస్తే రైట్ క్లిక్, ఎనేబుల్, రీస్టార్ట్. సగం మందికి ఇక్కడే తీరిపోతుంది.

అక్కడ పేరే లేకపోతే క్లీనర్ ఆపలేదు, తుడిచేసిందన్నమాట. అప్పుడు విండోస్ కీ + ఆర్ నొక్కి రన్ పెట్టెలో షెల్:స్టార్టప్ అని ఇంగ్లీషులో కొడితే ఒక ఫోల్డర్ తెరుచుకుంటుంది. స్టార్ట్ మెనూలో అను మీద రైట్ క్లిక్, ఓపెన్ ఫైల్ లొకేషన్, ఆ షార్ట్‌కట్‌ని కాపీ చేసి ఈ ఫోల్డర్‌లో పెట్టు. అంతే, లాగిన్ అవగానే లేస్తుంది.

అను అసలు తెరుచుకోకుండా ఎర్రర్ ఇస్తే రిజిస్ట్రీ దెబ్బ. చాలా క్లీనర్లు రిజిస్ట్రీ తుడిచే ముందు బ్యాకప్ తీయనా అని అడుగుతాయి. అవునన్నావా? అంటే డాక్యుమెంట్స్‌లో తేదీ, సమయం పేరులో ఉన్న డాట్ రెగ్ ఫైల్ ఉంటుంది. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే తిరిగి కలిసిపోతుంది. రెండు మూడు ఉంటే కొత్తదానితో మొదలుపెట్టి పాతవాటికి వెళ్లు. "కొంత డేటా రాయలేకపోయాం" అని ఒక హెచ్చరిక రావచ్చు. రిజిస్ట్రీలోని కొన్ని పద్దులు (కీలు అంటారు) ఆ క్షణంలో వాడుకలో ఉంటే అలాగే వస్తుంది, గాబరా పడొద్దు.

అదీ లేకపోతే రన్‌లో ఆర్‌ఎస్‌టీఆర్‌యూఐ కొట్టు, సిస్టమ్ రీస్టోర్. నిన్నటికి ముందు తేదీ ఉంటే దానికి వెళ్లు. నీ పేజ్‌మేకర్ ఫైళ్లని అది ముట్టుకోదు, కానీ ఆ తేదీ తర్వాత ఎక్కించిన ప్రోగ్రాములు, డ్రైవర్లు పోతాయి.

క్రోమ్ లాగిన్లు కుకీలతో పాటే పోయాయి, వాటిని వెనక్కి తేలేం. మళ్లీ లాగిన్ అవ్వడమే.

మల్కాజిగిరి_లత
బాబాయ్ గారు చెప్పిన చివరి దాంట్లో ఒక మెలిక. సిస్టమ్ ప్రొటెక్షన్ చాలా పీసీల్లో మొదట్నుంచీ ఆఫ్‌లోనే ఉంటుంది. రీస్టోర్ తెరిస్తే పాయింట్లే లేవంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అన్నమాట. కనీసం ఇప్పుడైనా ఆన్ చేసుకోండి: స్టార్ట్‌లో క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్ అని వెతికి, సి డ్రైవ్ ఎంచి, కాన్ఫిగర్, టర్న్ ఆన్, 5 శాతం చోటు చాలు. పక్కనే క్రియేట్ బటన్.

చిక్కడపల్లి_డీటీపీ
అను టాస్క్ మేనేజర్‌లో డిసేబుల్డ్‌లో దొరికింది బాబాయ్! ఎనేబుల్ చేశా, తెలుగు వచ్చింది. స్కానర్ పేరు మాత్రం లేదు. డాట్ రెగ్ ఫైల్ ఉంది. పేరు చివర 21 గంటల సమయం, అంటే నిన్న రాత్రిదే. కలిపేయనా?

బూట్‌బాబాయ్
స్కానర్ కోసమే అయితే వద్దు. స్కానర్ సాఫ్ట్‌వేర్‌ని తయారీదారు సైట్ నుంచి దించి పైనే మళ్లీ ఎక్కించు, 5 నిమిషాల పని. ఇంకేదైనా ప్రోగ్రామ్ మొరాయిస్తే అప్పుడు కలుపుదువు గాని. ఫైల్ మాత్రం రెండు మూడు వారాలు దాచిపెట్టు.

క్లీనర్_క్రిష్
ప్రతిసారీ క్లీనర్ మీదే పడి ఏడుస్తారేంటి. మూడింటికీ టిక్ పెట్టి లిస్ట్ చూడకుండా బటన్ నొక్కితే ఏ టూలైనా ఇంతే. బ్లీచ్‌బిట్ లాంటిది తీసుకోండి, ప్రివ్యూ నొక్కితే ఏ ఫైల్ పోతుందో, ఎంత సైజో ముందే చూపిస్తుంది. ఉచితం, సోర్స్ కోడ్ కూడా బయటే ఉంది. కుకీలకి టిక్ తీసేస్తే లాగిన్లు పోవు. నాలుగు బ్రౌజర్లు ఉన్న పీసీలో ఒక్కొక్కటీ తెరిచి కాష్ తుడవడం కంటే ఇదే నయం.

కేపీహెచ్‌బీ_కెర్నల్
జంక్ వరకు ఒప్పుకుంటా క్రిష్ భాయ్. రిజిస్ట్రీ క్లీనింగ్‌కి మాత్రం సమర్థనే లేదు. వెయ్యి "లోపాలు" తుడిస్తే మిగిలేది కొన్ని వందల కేబీ. విండోస్ రిజిస్ట్రీని పుస్తకంలా మొదటి పేజీ నుంచి చదవదు, కావాల్సిన కీ దగ్గరికి నేరుగా వెళ్తుంది. అనాథ కీలు వెయ్యి ఉన్నా స్పీడ్‌లో తేడా తెలియదు. కొండను తవ్వి ఎలుకను పట్టడమే, పైగా ఆ ఎలుక ఏదో ప్రోగ్రామ్‌కి కావాల్సినదై ఉండొచ్చు. రిజిస్ట్రీ క్లీనర్లను మేం సపోర్ట్ చేయం అని మైక్రోసాఫ్టే రాసి పెట్టింది.

టూల్ ఎంత పేరున్నదైనా దించేటప్పుడు జాగ్రత్త అనడానికి సీక్లీనర్ ఉదంతం ఒకటి చాలు. 2017 ఆగస్టులో దాని 5.33 వెర్షన్, 32 బిట్‌ది, తయారీ దశలోనే ఎవరో మాల్‌వేర్ కలిపేశారు. అసలు సైట్ నుంచి దించినవాళ్లకే అది వెళ్లింది. సుమారు 22.7 లక్షల మంది దగ్గరికి చేరాక సెప్టెంబర్‌లో బయటపడింది. తర్వాతి వెర్షన్లలో తీసేశారనుకోండి. అయినా అడ్మిన్ హక్కులతో నడిచే టూల్ అంటే ఇంటి తాళం చెవి ఇచ్చినట్టే.

క్లీనర్_క్రిష్
2017 ముచ్చట ఇంకా ఎన్నేళ్లు చెప్తారు బాస్. రిజిస్ట్రీ విషయం సరే, ఒప్పుకున్నా, నేనూ ఆ ట్యాబ్ ముట్టుకోను.

సీటీసీ_చక్రి
అందరు సాఫ్ట్‌వేర్ మీద వడ్డరు. అక్క ఏం రాసిందో సూడుండ్రి: బూట్ టైమ్ తగ్గలే. 6 జీబీ తీసినా తగ్గలే, స్టార్టప్ అంత ఆపినా తగ్గలే. గప్పుడు నాకు డిస్క్ మీద అనుమానం. అక్కా, రెండు పనులు చెయ్.

ఒకటి, ఈవెంట్ వ్యూయర్ తెరువు. అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, డయాగ్నస్టిక్స్-పర్ఫార్మెన్స్, ఆపరేషనల్. అండ్ల ఈవెంట్ ఐడీ 100 పట్టు. డీటెయిల్స్ ట్యాబ్‌ల మెయిన్‌పాత్‌బూట్‌టైమ్, బూట్‌పోస్ట్‌బూట్‌టైమ్ అని రెండు అంకెలు ఉంటయ్, మిల్లీసెకన్లల్ల. మొదటిది డెస్క్‌టాప్ వచ్చేదాక, రెండోది వచ్చినంక మెషీన్ నిమ్మళమయ్యేదాక. 101 ఐడీ ఉంటే ఏ ప్రోగ్రామ్ లేట్ చేసిందో పేరుతో సహా ఉంటది, 103 అయితే ఏ సర్వీసో ఉంటది.

రెండు, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో దించి నడుపు. గుడ్ అని నీలం ఉందా, కాషన్ అని పసుపు ఉందా చెప్పు. 05, సి5, సి6 వరుసల ముందట ఏమున్నదో గూడ రాయి.

నల్లకుంట_మాస్టారు
ఈ లోపల ఒక సందేహం. స్టార్టప్ ఇంపాక్ట్ అన్న గడిలో హై, మీడియం, లో అని ఉంటాయి కదా, హై అన్నవన్నీ ఆపేయవచ్చునా?

కేపీహెచ్‌బీ_కెర్నల్
హై అన్నది తీసేయమని సలహా కాదు మాస్టారూ, అది కొలత మాత్రమే. స్టార్టప్‌లో సీపీయూని 1 సెకనుకి మించి వాడినా, డిస్క్ మీద 3 ఎంబీకి మించి చదివి రాసినా హై. 300 మిల్లీసెకన్ల నుంచి 1 సెకను, లేదా 300 కేబీ నుంచి 3 ఎంబీ అయితే మీడియం. దానికంటే తక్కువైతే లో. 3 ఎంబీ అంటే ఈ రోజుల్లో ఏ యాప్ అయినా దాటేస్తుంది, కాబట్టి హై అనగానే దొంగ అని కాదు. గడి తల మీద రైట్ క్లిక్ చేసి సీపీయూ ఎట్ స్టార్టప్, డిస్క్ ఐ/ఓ ఎట్ స్టార్టప్ టిక్ పెడితే అసలు అంకెలు కనిపిస్తాయి, వాటిని నమ్మండి. అదే పేజీలో పైన లాస్ట్ బయాస్ టైమ్ అని ఉంటుంది, బయాస్ అంటే విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్. అది 20, 30 సెకన్లుంటే తప్పు విండోస్‌ది కాదు, బయాస్ దగ్గరే ఆగుతోంది.

మల్కాజిగిరి_లత
ఏది ఉంచాలి అన్న అసలు ప్రశ్నకి. ఇంట్లో అకౌంట్స్ పని ఉన్నవాళ్లు ముందు ఇవి చూసుకోండి. జీఎస్టీ సంతకానికి ఈఎమ్‌సైనర్ వెనకాల నడుస్తూ ఉండాలి, ఆపేస్తే పోర్టల్‌లో సంతకం బటన్ దగ్గర ఎర్రర్. డిజిటల్ సంతకం టోకెన్‌తో వచ్చే చిన్న మేనేజర్ కూడా అంతే, అది లేవకపోతే యూఎస్‌బీలో టోకెన్ మెరుస్తూనే ఉంటుంది, సర్టిఫికెట్ మాత్రం లిస్టులో కనిపించదు. ఆధార్ వేలిముద్ర యంత్రం ఉంటే దాని ఆర్‌డీ సర్వీస్ ముట్టుకోవద్దు. ఇవన్నీ పేరు చూస్తే ఏంటో తెలియని రకాలు, అందుకే క్లీనర్లు "అనవసరం" కింద లెక్కేస్తాయి.

బూట్‌బాబాయ్
లతమ్మ లిస్టుకి నాది కలుపుతున్నా.

ఉంచాల్సినవి: విండోస్ సెక్యూరిటీ బొమ్మ (దాన్ని ఆపినా డిఫెండర్ పనిచేస్తుంది, కానీ బొమ్మ మీద వచ్చే హెచ్చరిక గుర్తు కళ్లపడదు), ల్యాప్‌టాప్ అయితే టచ్‌ప్యాడ్ డ్రైవర్‌ది, ఆడియో కన్సోల్, అను లాంటి తెలుగు టైపింగ్ సాధనం, బ్యాకప్ తీసేది ఏదైనా ఉంటే అది.

నిశ్చింతగా ఆపదగ్గవి: స్టీమ్, స్పాటిఫై, జూమ్, టీమ్స్, వాట్సాప్, టోరెంట్, పీడీఎఫ్ రీడర్ల అప్‌డేటర్లు, ప్రింటర్ కంపెనీ ఇచ్చే "ఇంక్ కొనండి" బాపతు. వీటిని ఆపితే యాప్ పోదు, నువ్వు తెరిచినప్పుడు తెరుచుకుంటుంది.

వన్‌డ్రైవ్ మాత్రం ఆలోచించి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ అందులోకి బ్యాకప్ అవుతుంటే, ఆపిన రోజు నుంచి కొత్త ఫైళ్లు పైకి వెళ్లవు. డిస్క్ పోయినరోజు తెలుస్తుంది.

మరీ అవసరమైంది కానీ బరువైనది అనుకో, ఆపకుండా ఆలస్యంగా లేపు. టాస్క్ షెడ్యూలర్‌లో క్రియేట్ టాస్క్, ట్రిగ్గర్ ఎట్ లాగాన్, కింద డిలే టాస్క్ ఫర్ 1 మినిట్, యాక్షన్‌లో ఆ ప్రోగ్రామ్. తర్వాత స్టార్టప్‌లో దాన్ని డిసేబుల్ చెయ్యి, లేకపోతే రెండుసార్లు లేస్తుంది.

ఒక పూట ఒకటో రెండో ఆపి, రీస్టార్ట్ చేసి, ఒక రోజు వాడి చూడు. పది ఒకేసారి ఆపితే ఏది ఆపడం వల్ల స్కానర్ చచ్చిందో దేవుడికే తెలియాలి.

క్లీనర్_క్రిష్
టాస్క్ మేనేజర్ లిస్ట్‌లో సగమే కనిపిస్తుంది బాబాయ్. షెడ్యూల్డ్ టాస్కులు, సర్వీసులు, ఎక్స్‌ప్లోరర్‌లో దూరినవి దాంట్లో రావు. ఆటోరన్స్ వాడాలి.

కేపీహెచ్‌బీ_కెర్నల్
ఇది నిజం. సిస్‌ఇంటర్నల్స్ వాళ్లది, 2006 నుంచి మైక్రోసాఫ్ట్ సొంతం, వాళ్ల సైట్ నుంచే దించాలి. ఇన్‌స్టాల్ అక్కర్లేదు. తెరవగానే ఆప్షన్స్‌లో హైడ్ మైక్రోసాఫ్ట్ ఎంట్రీస్‌కి టిక్ పెట్టండి, వందల వరుసలు పాతిక ముప్పైకి దిగుతాయి. పసుపు వరుస అంటే ఎంట్రీ ఉంది, ఫైల్ లేదు, ఎప్పుడో తీసేసిన ప్రోగ్రామ్ ఆనవాలు. గులాబీ అంటే ప్రచురణకర్త సంతకం లేదు. లేనంత మాత్రాన వైరస్ కాదు, పాత తెలుగు సాఫ్ట్‌వేర్లు చాలావరకు గులాబీలోనే ఉంటాయి. అనుమానం ఉంటే రైట్ క్లిక్, చెక్ వైరస్‌టోటల్.

ఎడమవైపు టిక్ తీస్తే చాలు, ఆగిపోతుంది, మళ్లీ పెడితే తిరిగి వస్తుంది. డిలీట్ నొక్కితే వెనక్కి రాదు. డ్రైవర్స్, విన్‌లాగాన్ ట్యాబుల్లో పసుపు కనిపించినా చేతులు కట్టుకుని కూర్చోండి. అక్కడ తప్పు టిక్ తీస్తే లాగిన్ తెర దాకా కూడా రాదు.

ఇరానీచాయ్
చేతులు కట్టుకుంటే మౌస్ ఎట్ల పట్టుకోవాలె అన్నా.

కేపీహెచ్‌బీ_కెర్నల్
అందుకే కట్టుకోమన్నా.

నల్లకుంట_మాస్టారు
టాస్క్ షెడ్యూలరులో మైక్రోసాఫ్టు వారి పనులను ఆపమని కొన్ని వీడియోలు చెబుతున్నవి. టెక్స్ట్‌సర్వీసెస్‌ఫ్రేమ్‌వర్క్ అనే దాంట్లోని పనిని ఆపకండి. దానితో లేచే సీటీఎఫ్‌మాన్ లేకపోతే స్టార్ట్ మెనూ వెతుకుడు గడిలో అక్షరం పడదు, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుకు మారదు. కీబోర్డు పాడయిందని కొత్తది కొన్నవారున్నారు.

చిక్కడపల్లి_డీటీపీ
చక్రి గారూ, చూశా. మెయిన్‌పాత్ 96,000 చిల్లర, పోస్ట్‌బూట్ 2,31,000. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పసుపు, కాషన్. 05 ముందర సున్నాలు, సి5 ముందర చివర 10, సి6 సున్నాలు. అంటే పది చెడిపోయాయా?

సీటీసీ_చక్రి
పది గాదక్కా, పదహారు. గా టూల్‌ల రా వాల్యూస్ హెక్స్‌ల (పదికి బదులు పదహారు లెక్కన) వస్తయ్, 10 అంటే 16. సి5 అంటే డిస్క్ సదవలేక పక్కకు వెట్టిన సెక్టార్లు, డిస్క్ మీది చిన్న చిన్న గళ్లు. గవి సదవనీకె మళ్ల మళ్ల ట్రై చేస్తనే ఉంటది, గా టైమ్‌ల మొత్తం మెషీన్ బిగుసుకపోతది. టాస్క్ మేనేజర్‌ల డిస్క్ 100 శాతం సూపెట్టి స్పీడ్ సూస్తె 1 ఎంబీ గూడ ఉండదు. గిదే నీ 4 నిమిషాలు. ఏ క్లీనర్ గూడ దీన్ని బాగుచెయ్యదు.

ఇప్పుడు చెయ్యొద్దన్నవి చెప్తున్న: డీఫ్రాగ్ వద్దు. చెక్‌డిస్క్ /ఆర్ వద్దు, గది డిస్క్ మొత్తం గోకుతది, కొనఊపిరితోని ఉన్నదానికి పెద్ద పని. బ్లీచ్‌బిట్‌ల వైప్ ఫ్రీ స్పేస్ అసలే వద్దు. ముందుగల పేజ్‌మేకర్ ఫైళ్లు, ఫాంట్లు, ఫొటోలు బయటి డిస్క్‌లకు కాపీ కొట్టు. అన్ని ఒకేసారి లాగకు, ఫోల్డర్ ఫోల్డర్ కొట్టు. యాడనన్న ఆగితే గా ఒక్కదాన్ని ఇడిసిపెట్టి ముందుకు పో, చివర్ల మళ్ల చూద్దాం.

బూట్‌బాబాయ్
చక్రీ, నువ్వు రైట్. నేను సాఫ్ట్‌వేర్ వైపే చూస్తూ కూర్చున్నా, 6 నిమిషాల బూట్ అన్నప్పుడే డిస్క్ అడగాల్సింది.

క్లీనర్_క్రిష్
ఎస్‌ఎస్‌డీ ఉంటే ఈ గోలే లేదు.

సీటీసీ_చక్రి
ఎస్‌ఎస్‌డీ గూడ పోతది భాయ్, చెప్పకుండ పోతది. బ్యాకప్ దానికీ కావాలె.

చిక్కడపల్లి_డీటీపీ
కాపీ మొదలుపెట్టా. ఎస్‌ఎస్‌డీ పెట్టించేస్తా. అందులోకి మార్చే ముందు సి డ్రైవ్‌లో ఏం తీసేస్తే ప్రమాదం లేదో చెప్పండి, చెత్తంతా కొత్తదాంట్లోకి ఎందుకు.

కేపీహెచ్‌బీ_కెర్నల్
ముందు చోటు ఎక్కడ పోయిందో చూడాలి. విజ్‌ట్రీ దించి అడ్మిన్‌గా నడపండి. డిస్క్‌లో ఫైళ్ల జాబితా ఉండే ఎన్‌టీఎఫ్‌ఎస్ పట్టికని నేరుగా చదువుతుంది కాబట్టి మామూలుగా సెకన్లలో అయిపోతుంది, మీ డిస్క్‌కి కాస్త ఎక్కువ పట్టొచ్చు. సాధారణంగా దొరికే దొంగలు: టెలిగ్రామ్, వాట్సాప్ మీడియా, డౌన్‌లోడ్స్‌లో ఒకే ఇన్‌స్టాలర్ నాలుగు కాపీలు, ఫొటోషాప్ క్రాష్ అయినప్పుడు వదిలేసిన స్క్రాచ్ ఫైళ్లు. ఏ క్లీనర్ కూడా వీటి జోలికి పోదు, పోకూడదు కూడా.

తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్. అక్కడ టిక్కులు పెట్టేముందు ఒక్కొక్కటి చదవండి:

డౌన్‌లోడ్స్ అన్న వరుస కూడా అదే లిస్టులో ఉంటుంది. అది చెత్త కాదు, మీ ఫోల్డరే. టిక్ పెడితే పెళ్లివాళ్లు మెయిల్ చేసిన ఫొటోలన్నీ గోవిందా.

విండోస్ అప్‌డేట్ క్లీనప్ తీయొచ్చు, చాలాసార్లు గిగాబైట్లలో వస్తుంది. తీశాక మొదటి రీస్టార్ట్ బాగా నెమ్మదిగా ఉంటుంది, అప్పుడు కరెంటు పోకుండా యూపీఎస్ మీద పెట్టండి.

ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్ అంటే విండోస్ డాట్ ఓల్డ్. పెద్ద అప్‌గ్రేడ్ తర్వాత వెనక్కి వెళ్లే దారి అదే. 10 రోజులు ఆగితే విండోసే తీసేస్తుంది, తొందర లేదు.

డిస్క్ క్లీనప్‌లో విండోస్ ఈఎస్‌డీ ఇన్‌స్టలేషన్ ఫైల్స్ కనిపిస్తే ఉంచండి, పీసీని రీసెట్ చేయాల్సి వస్తే అవి కావాలి. థంబ్‌నెయిల్స్, షేడర్ కాష్ తీసినా మళ్లీ పుడతాయి, లాభం లేదు. డెలివరీ ఆప్టిమైజేషన్ ఫైల్స్ తీసేయండి.

నల్లకుంట_మాస్టారు
టెంప్ ఫోల్డరు సంగతి? రన్‌లో %టెంప్% కొట్టి అన్నీ ఎంచి తీసివేయమంటారు.

బూట్‌బాబాయ్
తీయొచ్చు మాస్టారూ, కానీ రీస్టార్ట్ చేసిన వెంటనే తీయండి. ఏదైనా ఇన్‌స్టాల్ మధ్యలో రీస్టార్ట్ అడుగుతూ ఉంటే, దానికి కావాల్సినవి టెంప్‌లోనే ఉండొచ్చు. తీస్తుంటే "ఈ ఫైల్ వాడుకలో ఉంది" అంటే స్కిప్ కొట్టండి, బలవంతం వద్దు.

చేత్తో ముట్టుకోకూడనివి రెండు. విండోస్ ఫోల్డర్‌లోని ఇన్‌స్టాలర్ అన్న దాచిన ఫోల్డర్: పేర్లు అర్థంకాకుండా ఉంటాయి, జీబీలకు జీబీలు ఉంటుంది, జనానికి చెత్తలా కనిపిస్తుంది. అవి తీసేస్తే ఆఫీస్, టాలీ లాంటివి అప్‌డేట్ చేయబోతే, తీసేయబోతే "మూల ఫైల్ ఎక్కడ" అని అడిగి కూర్చోవచ్చు. రెండోది విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్. పైకి కనిపించే సైజు నిజం కాదు, అందులో చాలా ఫైళ్లు సిస్టమ్32లో ఉన్నవాటికే రెండో పేరు, హార్డ్‌లింకులు. తగ్గించాలంటే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిజమ్ /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /స్టార్ట్‌కాంపోనెంట్‌క్లీనప్, ఇంగ్లీషులో కొట్టండి. చివర రీసెట్‌బేస్ అని కలపమంటారు కొందరు, కలిపితే ఇప్పుడున్న అప్‌డేట్లను ఇక తీసేయలేరు.

క్లీనర్_క్రిష్
హైబర్నేట్ ఆపేస్తే 3 జీబీ దొరుకుతుంది. పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్.

కేపీహెచ్‌బీ_కెర్నల్
8 జీబీ ర్యామ్‌కి 40 శాతం లెక్కన సుమారు 3.2, అవును. దాంతోపాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, హార్డ్‌డిస్క్ మీద అది ఉంటేనే బూట్ కాస్త నయం. ఎస్‌ఎస్‌డీ పెట్టాక ఆపుకోమనండి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నన్నాళ్లూ షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు, కెర్నల్‌ని (విండోస్ గుండెకాయని) డిస్క్‌లో నిద్రపుచ్చడం. టాస్క్ మేనేజర్‌లో అప్‌టైమ్ రోజూ ఆపే పీసీకి కూడా 12 రోజులని చూపిస్తుంది. స్టార్టప్‌లో ఏదైనా మార్చాక రీస్టార్ట్ కొట్టమనేది ఇందుకే.

క్లీనర్_క్రిష్
సిస్‌మెయిన్ సర్వీస్ ఆపేస్తే డిస్క్ 100 శాతం తగ్గుతుంది కదా?

కేపీహెచ్‌బీ_కెర్నల్
వారం తగ్గినట్టు ఉంటుంది. అది మీరు రోజూ వాడే ప్రోగ్రాములను ముందే ర్యామ్‌లోకి తెచ్చేది, హార్డ్‌డిస్క్ ఉన్నవాళ్లకే దాని అవసరం ఎక్కువ. అక్క పీసీలో దొంగ దొరికాడు కదా, జవానుని ఎందుకు కొట్టడం.

మల్కాజిగిరి_లత
సర్వీసుల మాట వచ్చింది కాబట్టి. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సర్వీసెస్ ట్యాబ్‌కి వెళ్తే మొదట హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్ టిక్ పెట్టి, తర్వాతే డిసేబుల్ ఆల్ గురించి ఆలోచించండి. ఆ టిక్ మర్చిపోతే ప్రింట్ స్పూలర్, ఆడియో, వైఫై అన్నీ పోతాయి.

బూట్‌బాబాయ్
అదే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ ట్యాబ్ ఇంకా ప్రమాదం. సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేస్తే, ఆ టిక్ తీసేదాకా ప్రతిసారీ సేఫ్ మోడ్‌లోకే వెళ్తుంది. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయక, మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డ్ గుర్తులేక బయటే నిలబడేవాళ్లు ఎంతమందో. సేఫ్ మోడ్ కావాలంటే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి: ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, తర్వాత 4. ఒక్కసారికే వెళ్తుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, ముందే రాసుకోండి.

నల్లకుంట_మాస్టారు
గడియారము పైన "మీ కంప్యూటరులో వైరసులున్నవి, ఇప్పుడే శుభ్రపరచండి" అని ఎర్రని పెట్టెలు వస్తుంటాయి. ఇవి స్టార్టప్‌లో ఎక్కడ దాగి ఉంటవి?

కేపీహెచ్‌బీ_కెర్నల్
స్టార్టప్‌లో ఉండవు మాస్టారూ, ఎక్కువ శాతం బ్రౌజర్ నోటిఫికేషన్లు. ఏదో సైట్ "అలౌ నొక్కితే వీడియో వస్తుంది" అన్నప్పుడు నొక్కిన పాపం. క్రోమ్ సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అలౌడ్ కింద తెలియని పేర్లన్నీ తీసేయండి. ఆ పెట్టెలో ఉన్న నంబర్‌కి మాత్రం ఫోన్ చేయకండి. చేస్తే ఎనీడెస్క్ లాంటిది ఎక్కించమని, తర్వాత బ్యాంక్ తెరవమని అంటారు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చిక్కడపల్లి_డీటీపీ
అప్‌డేట్. ఫైళ్లన్నీ బయటికి వచ్చాయి, ఒక్క పాత లగ్నపత్రిక ఫోల్డర్‌లో రెండు స్కాన్లు తప్ప. డౌన్‌లోడ్స్‌లో డూప్లికేట్లు 11 జీబీ, టెలిగ్రామ్ 14 జీబీ. క్లీనర్ 6.2 జీబీకే చంకలు గుద్దుకుంది. స్టార్టప్‌లో ఇప్పుడు ఐదే ఉన్నాయి. 500 జీబీ ఎస్‌ఎస్‌డీ తీసుకుంటున్నా. పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు అందులోకి కాపీ (క్లోన్) చేస్తే అను లైసెన్స్ పోతుందా? విండోస్ మళ్లీ ఎక్కించాలా?

సీటీసీ_చక్రి
బోర్డ్ మీద ఎం.2 స్లాట్ ఉందో లేదో సూసి కొను, లేకుంటే సాటా 2.5 అంగుళాలది, దానికి డేటా కేబుల్ వేరే తీస్కోవాలె.

క్లోన్ చేసేటప్పుడు సి ఒక్కటే ఎంచకు. ముందట 100 ఎంబీది ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఉంటది, గదే బూట్ చేసేది. గది ఇడిసిపెడితే పాత డిస్క్ తీసిన రోజు బూట్ డివైస్ లేదంటది. నీ డిస్క్‌ల చెడ్డ సెక్టార్లు ఉన్నయ్ గాబట్టి క్లోన్ సాఫ్ట్‌వేర్‌ల బ్యాడ్ సెక్టార్లు స్కిప్ చేసే ఆప్షన్ పెట్టు, లేకుంటే సగంల ఆగుతది. అయినంక షట్‌డౌన్, పాత డిస్క్ కేబుల్ పీకి, కొత్తదొక్కటే పెట్టి మొదటి బూట్. రెండు ఒకే గుర్తుతోని ఉంటే విండోస్ గందరగోళపడ్తది. లేచినంక డిజమ్ రీస్టోర్‌హెల్త్, తర్వాత ఎస్‌ఎఫ్‌సీ /స్కాన్‌నౌ. చెడ్డ సెక్టార్‌ల ఏదన్న సిస్టమ్ ఫైల్ పోయి ఉంటే గవి మళ్ల తెస్తయ్.

లైసెన్స్ యూఎస్‌బీ డాంగిల్ మీద ఉంటే ఏం గాదు. సాఫ్ట్‌వేర్ లాక్ అయితే కొత్త డిస్క్ సూసి మళ్ల యాక్టివేషన్ అడగొచ్చు. గందుకే సీరియల్ నంబరు, బిల్లు ముందట పెట్టుకో. విండోస్‌కు ఉత్తగ డిస్క్ మారిస్తే మామూలుగ ఏం గాదు.

పాత డిస్క్‌ను అల్మారిల పెట్టు, నెల దాక ముట్టకు. గా రెండు స్కాన్లు దానిమీదనే ఉన్నయ్.

ఇరానీచాయ్
నెల అయినంక ఫార్మాట్ కొట్టొచ్చా?

చిక్కడపల్లి_డీటీపీ
అప్పుడు కొట్టు నాయనా, నువ్వే వచ్చి కొట్టు.